పురిటి నొప్పులు మొదలుపెట్టేది బిడ్డా, గర్భాశయమా?

నర్సింగ్ విద్యార్థిని:
నెలలు నిండాక నొప్పులు ఎవరి వల్ల మొదలవుతాయి? క్లాసులో సగం మంది బిడ్డే అంటున్నారు, మిగతావాళ్లు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరగడం వల్లే అంటున్నారు.

జువాలజీ పీజీ:
బిడ్డేనండి. 1960లలో న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే శాస్త్రవేత్త గొర్రెల మీద చేసిన ప్రయోగాలు చూడండి. కడుపులోని పిల్ల మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తే గడువు దాటినా తల్లి ఈనలేదు. పిల్లకు కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కిస్తే ముందే ఈనింది. ఆ కార్టిసాల్ వల్ల మాయలో, గర్భాశయాన్ని కదలనివ్వని ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగ్గి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, అంతవరకూ ఊరుకున్న గర్భాశయం కదులుతుంది. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

ఫిజియాలజీ టీచర్:
గొర్రెకు సరే, దాన్ని మనిషికి అతికించకండి. ప్రొజెస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్ వైపు మార్చే ఎంజైమ్ మన మాయలో దాదాపు లేదు. నొప్పుల ముందు తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్ పడిపోదు కూడా. కానీ మిఫెప్రిస్టోన్ అనే మందు ఇచ్చి ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లను (కణంలో ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్లను) అడ్డుకుంటే గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతుంది, నొప్పులూ రావచ్చు. అంటే హార్మోన్ ఉన్నా, చివర్లో కండరమే దాని మాట వినడం మానేస్తుంది. రిసెప్టర్లో ఎ, బి అని రెండు రూపాలున్నాయి. ఎ వాటా పెరగడమే కారణమన్న వాదన నాకు బలంగా కనిపిస్తుంది.

ఇక ఆక్సిటోసిన్. అది తయారుకాని ఎలుకలు కూడా మామూలుగానే ఈనాయి, పాలు మాత్రం ఇవ్వలేకపోయాయి. మనిషిలోనూ పెరిగేది ముఖ్యంగా కండరంలోని రిసెప్టర్లే. అందుకే నెలలు నిండినప్పుడు పనిచేసే డోసు అంతకుముందు అంతగా పనిచేయదు.

అసలు చూడాల్సింది కండర కణాలనే. నెలల తరబడి అవి ఎవరికి వారుగా, అక్కడక్కడా బిగుస్తుంటాయి. కాన్పు దగ్గరపడ్డాక కనెక్సిన్-43 అనే ప్రోటీన్‌తో కణానికీ కణానికీ మధ్య గ్యాప్ జంక్షన్లు ఏర్పడతాయి. ఒకచోట పుట్టిన విద్యుత్ సంకేతం వాటి గుండా పక్క కణాలకు పాకి, గర్భాశయమంతా కలిసి బిగుస్తుంది. ఇది లేనిదే ఏ హార్మోన్ వచ్చినా నొప్పి నిలబడదు.

జువాలజీ పీజీ:
అయితే బిడ్డ పాత్రే లేదంటారా?

ఫిజియాలజీ టీచర్:
ఉంది. మెదడు సరిగా ఏర్పడని అనెన్‌సెఫలీ బిడ్డల్లో కొందరు బాగా ముందు, కొందరు బాగా ఆలస్యంగా పుడతారు. బిడ్డ సమయాన్ని సరిచేస్తుంది, కానీ ఒక్కదాని చేతిలోనే లేదు. సాగిన కండరం, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కూడా నొప్పుల వైపు తోస్తాయి. కవలలు తరచూ ముందే రావడానికి ఆ సాగుడు ఒక కారణం.

నర్సింగ్ విద్యార్థిని:
నొప్పులు రావడానికి ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టేముందు ముఖద్వారం మెత్తబడిందా అని చూసేది ఇందుకేనా సార్?

ఫిజియాలజీ టీచర్:
అవునమ్మా. గట్టిగా ఉంటే ముందు ప్రోస్టాగ్లాండిన్ జెల్ లాంటిది పెట్టి మెత్తబరుస్తారు, డ్రిప్ ఆ తర్వాతే.