రసాయన ఎరువు వేస్తే దుంపల్లో ఖనిజాలు తగ్గుతాయా?

ఎర్రనేల:
నత్రజనికి యూరియా, భాస్వరానికి డీఏపీ, పొటాషియానికి పొటాష్ పోసి పెంచిన క్యారెట్టయినా ఆలుగడ్డయినా సైజే గానీ సరుకుండదని నా వాదన. అమెరికాలో 43 తోట పంటల పోషక పట్టికలు, 1950వీ 1999వీ పోల్చి 2004లో ఒక పరిశోధన వచ్చింది. కాల్షియం, ఫాస్ఫరస్ (భాస్వరం), ఐరన్ తగ్గాయని తేలింది. ఇంకేం కావాలి?

మట్టిపరీక్ష:
రకాలు మారడమే దానికి కారణమై ఉండొచ్చని ఆ పరిశోధకులే రాశారండీ. ఎరువు మీదకు తోయకండి.

ఎరువు పాత్ర ఇలా ఉంటుంది. 100 గ్రాముల పచ్చి క్యారెట్‌లో పొటాషియం సుమారు 320 మి.గ్రా. పొడి పదార్థం 12 గ్రాములనుకోండి. నత్రజని, తడి ఎక్కువై అది 10 గ్రాములకు పడితే, పొడిలో పొటాషియం శాతం మారకపోయినా పచ్చి బరువు మీద 267కి దిగుతుంది. పాలల్లో నీళ్లు కలిపిన లెక్కే. తడి బరువు మీదా పొడి బరువు మీదా అన్నది చెప్పని అంకెను నేనైతే పట్టించుకోను.

గోదారిగట్టు:
ఏది వేస్తే ఏది తగ్గుతుందని విడివిడిగా అడగాలి. పొటాష్ ఎంత పెడితే అంత లాగేస్తుంది మొక్క, అవసరం లేకపోయినా. ఆ తోపులాటలో మెగ్నీషియం, కాల్షియం వెనకబడతాయి. భాస్వరం మితిమీరితే జింక్ అందదు. పైగా కొందరు డీఏపీ, జింక్ సల్ఫేట్ ఒకే గంపలో కలిపి చల్లుతారు. రెండూ కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది, రెండు సంచుల డబ్బూ దండగ. దుక్కిలో జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు, డీఏపీకి మూడు నాలుగు రోజుల ఎడం. పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాములు పిచికారీ.

ఎర్రనేల:
అందుకే పశువుల ఎరువు వేయాలంటాను! దాంతో ఈ తోపులాటలుండవు.

మట్టిపరీక్ష:
ఎందుకుండవండీ? మాగిన పశువుల ఎరువులో పొటాష్ అర శాతం దాకా ఉంటుంది. ఎకరాకు 10 టన్నులు తోలితే 50 కిలోలు, అంటే 60 శాతం పొటాష్ ఉండే ఎంఓపీ ఎరువు 83 కిలోలు వేసినట్టే. దాంతోపాటు కాల్షియం, మెగ్నీషియం, జింక్ కూడా కాస్తోకూస్తో వస్తాయి, ఆ మేరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ 10 టన్నులు తోలి, ఆపైన అలవాటుగా రెండు బస్తాల ఎంఓపీ వేసేవాళ్లే ఎక్కువ.

దుంపబడి:
కాల్షియం దుంపలోకి ఎలా చేరుతుందో ఎవరూ ఎత్తలేదు. అది నీటితో పాటు ఆకులకు ఎక్కేస్తుంది, ఆకు నుంచి దుంపకు దిగదు. కాబట్టి ఆలుగడ్డ ఆకుల మీద కాల్షియం కొట్టి దుంపలో వెతికితే దొరకదు. దుంప దగ్గరుండే సన్నని వేళ్లు తీసుకున్నదే దుంపకు చేరుతుంది. కాల్షియం కోసం జిప్సం వేసేదేదో మట్టి ఎగదోసేటప్పుడు బోదెలోనే, దుంప ఊరే చోటే పడాలి. చేనంతా వెదజల్లితే సగం వృథా.

ఇంకొకటి. ఐరన్ పరీక్షకు పంపేటప్పుడు తొక్కకు అంటిన ఎర్రమట్టి చాలు, ఫలితం ఎన్నో రెట్లు పెరగడానికి. బాగా కడిగి, ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, తొక్క తీసి పంపండి. పైభాగం, కొన ఒకేలా ఉండవు, నిలువుగా చీల్చిన ముక్క కావాలి. పోల్చే రెండు మడుల్లోనూ ఒకే రకం, ఒకే రోజు తవ్వినవి ఉండాలి.

ఎర్రనేల:
పొటాష్ ముక్క ఒప్పుకున్నా. యూరియా మీద నా మాట నాదే. మరి బీట్‌రూట్ కోస్తే లోపల నల్లమచ్చలు, అదీ పొటాష్ తోపులాటేనా?

గోదారిగట్టు:
అది ఎక్కువగా బోరాన్ లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, బెట్ట తగిలినప్పుడు ముదురుతుంది. దుక్కిలో బోరాక్స్ ఎకరాకు 4 కిలోలు, ఇసుకలో కలిపి సమంగా చల్లాలి. చాలినంతకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. మట్టి పరీక్ష లేకుండా ప్రతి పంటకూ వేయకండి.