ప్రైవేటు చెరువు కట్ట భద్రత ఎవరి పూచీ? సర్కారు తనిఖీ తప్పనిసరి చేయాలా?

కొండాపూర్ వాసి:

వికారాబాద్ వైపు ఒక ఫామ్ ప్లాట్ల వెంచర్‌లో మాకు కొంత జాగా ఉంది. లోపల ఒర్రెకు, అంటే చిన్న వాగుకు, అడ్డంగా మట్టికట్ట వేసి డెవలపర్ చిన్న చెరువు తయారుచేశాడు. బ్రోచర్‌లో దాన్ని లేక్ అని చూపించి, పక్క ప్లాట్లు ఎక్కువ రేటుకు అమ్ముకున్నాడు. కట్ట ఎత్తు ఎనిమిది మీటర్లు. నిండితే సుమారు 60 వేల ఘనపు మీటర్లు, అంటే ఆరు కోట్ల లీటర్ల నీళ్లు. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక అంతా అసోసియేషన్‌కు అప్పగించి వెళ్లిపోయాడు. కాబట్టి కట్టకు ఇప్పుడు సొంతదారులం మేమే. మాలో చాలామందిమి హైదరాబాద్‌లో ఉంటాం, సెలవు దొరికితే వెళ్లివస్తాం. కట్టకు దిగువన కిలోమీటరున్నర దూరంలో ఒక తండా ఉంది.

వానాకాలం లోపు ఇంజినీరుకు చూపిద్దామని మీటింగ్‌లో అంటే, "మనది చట్టం కిందికే రాదు, ఊరికే టెన్షన్ ఎందుకు" అన్నారు. చట్టం సంగతి నిజమే. 2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్ల ఎత్తు దాటిన డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లో, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లో ఉండాలి, లేదా ఇలాంటి మరో షరతు కలవాలి. పది మీటర్ల లోపు కట్టల ఊసే లేదు. ఇలాంటి చిన్న ప్రైవేటు కట్టల మీద కూడా ప్రభుత్వ నిఘా ఉండాలా? ఉండాలనే నేనంటాను. ఎత్తు కొలిచే ముందు కింద ఎవరు నివసిస్తున్నారో చూడాలి కదా.

పట్టాదారు:

వద్దన్నా, ఆ కోరిక కోరకండి. మీ వెంచర్ కోసం రూలు పెడితే రేపు నా పట్టా భూమిలో మా తాత కట్టుకున్న కుంటకూ అదే రూలు వస్తుంది. ఎన్వోసీ ఒకటి, రెన్యువల్ ఒకటి, ఆ పైన వచ్చిన సారుకు చాయ్ ఖర్చులు. ఇంతా చేసి, సర్కారు చూసుకునే చెరువులు భద్రంగా ఉన్నాయా? 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లోనే పల్లె చెరువు, గుర్రం చెరువు, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగాయి. 2021 నవంబర్‌లో కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయింది. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడింది. ఇవన్నీ ప్రైవేటువా? తన కట్టలు చూసుకోలేని శాఖ నా కట్ట చూడటానికి వస్తానంటే నవ్వొస్తుంది.

రిటైర్డ్ డీఈ:

పట్టాదారు గారి కోపం అర్థమైంది. అయితే ఆయన చెప్పిన పేర్లన్నీ కలిపి చూస్తే, ఎవరూ చూడకపోతే కట్ట తెగుతుందనే తేలుతోంది. సొంతదారు సర్కారయినా, ప్రైవేటయినా నీళ్లకు పట్టింపు లేదు.

మట్టికట్ట పోవడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, వరద కట్ట మీదుగా పొర్లడం. రెండోది, లోపల బుంగ పడి మట్టి కొట్టుకుపోవడం. కొండాపూర్ వాసి గారూ, ముందు మీ ఒర్రెకు ఎంత విస్తీర్ణం నుంచి నీళ్లు వస్తాయో చూడండి. ఉదాహరణకు రెండు చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ఒక రోజులో 15 సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం పారినా లక్షన్నర ఘనపు మీటర్లు వస్తాయి. మీ చెరువు పట్టేదానికి రెండున్నర రెట్లు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది, కాబట్టి 15 అనేది నేను భయపెట్టడానికి చెప్పిన అంకె కాదు. వచ్చిన నీళ్లన్నీ మత్తడి, అంటే మిగులు నీరు బయటికి పోయే అలుగు, మీదుగానే పోవాలి. మత్తడి చాలకపోతే కట్ట మీదెక్కుతాయి, మట్టికట్ట దాన్ని తట్టుకోలేదు.

ఈ వెంచర్ల చెరువుల్లో నేను ఎక్కువగా చూసిన పాడు అలవాటు మత్తడి ఎత్తు పెంచడం. ఎండాకాలంలో కూడా నీళ్లు నిండుగా కనపడాలని ఇసుక బస్తాలు, పలకలు పెడతారు. చేపలు పోకుండా జాలీ కడతారు. ఆ జాలీకి చెత్త, కొమ్మలు అడ్డం పడితే మత్తడి మూసుకుపోయినట్టే. ఇది మనవాళ్ల తెలివే అనుకోకండి. 1889లో అమెరికాలో జాన్స్‌టౌన్ పట్టణాన్ని ముంచిన సౌత్ ఫోర్క్ డ్యామ్ ధనవంతుల చేపల వేట క్లబ్బుది. వాళ్లూ మత్తడికి చేపల జాలీలు పెట్టారు, బండ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు. అంతకుముందు ఆస్తి చేతులు మారినప్పుడే అడుగు తూము పైపులు తీసి అమ్మేశారు. చనిపోయింది 2,209 మంది.

ఇక బుంగల సంగతి. కట్ట దిగువ పాదం దగ్గర తేట నీరు ఊరుతుంటే గుర్తు పెట్టి కొలుస్తూ ఉండాలి. మట్టి రంగు నీరు వచ్చిందంటే లోపల కట్ట అరుగుతోందని. అప్పుడు ఫోన్లు చేసుకుంటూ కూర్చోకుండా ముందు దిగువ వాళ్లను లేపాలి. కట్టలోంచి బోరు పైపో, కరెంటు కేబులో పోతుంటే దాని వెంబడే నీరు దారి చేసుకుంటుంది. తుమ్మచెట్లు, ఎండ్రకాయల బొరియలు కూడా అంతే. పాత రోజుల్లో చెరువు నీళ్లు చూసుకునే నీరడి కట్ట మీద నడుస్తూనే ఇవన్నీ పసిగట్టేవాడు. మీ వెంచర్లో గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు, కట్ట మీద ఎవరున్నారు?

నల్లకోటు:

చట్టం వర్తించదంటే బాధ్యత లేదని అర్థం కాదు. ఆ మీటింగ్‌లో ఈ రెండూ కలిపేసినట్టున్నారు.

1868లో ఇంగ్లండులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు వచ్చింది. మిల్లు యజమాని కట్టించుకున్న రిజర్వాయర్ నీళ్లు పక్కవాడి గనిలోకి దూకాయి. యజమాని స్వయంగా నిర్లక్ష్యం చేయకపోయినా నష్టం ఆయనే భరించాలన్నారు. ఆరేళ్లకే, 1874లో, మన కార్వేటినగరం జమీందారు కేసు అప్పటి పైకోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. ఆయన చెరువులు తెగి మద్రాస్ రైల్వే ఆస్తి కొట్టుకుపోయింది. అక్కడ మాత్రం జమీందారే గెలిచాడు. ఆ చెరువులు తరతరాల నాటివి, పంటలకు ఆధారం, వాటిని నిలబెట్టడం జమీందారు విధి, కాబట్టి నిర్లక్ష్యం రుజువైతే తప్ప బాధ్యుడు కాడన్నారు.

పట్టాదారు గారి తాత కుంటకు ఈ జమీందారు వాదన కొంత అక్కరకు రావచ్చు. వెంచర్ చెరువుకు ఎలా వస్తుంది? దానికి ఆయకట్టు లేదు, ఉన్నదల్లా వ్యూ. పైగా మీటింగ్‌లో తనిఖీ ప్రస్తావన వచ్చి, వద్దనుకున్నట్టు మినిట్స్‌లో రాసుకుంటే అవతలి లాయర్‌కు నిర్లక్ష్యం రుజువు చేసే పని కూడా మిగలదు.

దిగువ ఊరోడు:

లాయర్ సార్, నష్టపరిహారం మాట బాగానే ఉంది. మేం పోయినంక కేసు ఎవరు నడపాలె? మా ఊరు కూడా ఇట్లాంటి కట్ట కిందనే ఉంది. అది ఎవరిదో, ఎంత లోతో మాకు తెలియదు. గేటు కాడికి పోతే లోపలికి రానియ్యరు. మత్తడి దుంకితే మా బాట మునుగుతది, అప్పుడే చెరువు నిండిందని తెలుస్తది. మీ పేపర్లు మీరే పెట్టుకోండి. ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు, రాత్రి పూట మమ్మల్ని లేపే మనిషి, ఈ రెండు ఇయ్యండి చాలు.

పట్టాదారు:

తమ్ముడు అడిగింది న్యాయం. నంబరు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. నేను వద్దనేది ఆఫీసు చుట్టూ తిరగడం.

రిటైర్డ్ డీఈ:

ఆఫీసు చుట్టూ తిరగకుండానే చేయొచ్చు. బ్రిటన్‌లో 1925లో డాల్‌గారోగ్ అనే ఊరి పైన అల్యూమినియం కంపెనీ డ్యామ్ ఒకటి తెగింది. ఆ నీళ్లు కింది డ్యామ్‌ను కూడా తెంపి 16 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఒకదాని కింద ఒకటిగా ఉండే మన గొలుసుకట్టు చెరువులకు ఉన్న ప్రమాదం సరిగ్గా ఇదే. దాని తర్వాత 1930లో అక్కడ చట్టం వచ్చింది. 1975 చట్టంలో వాళ్లు ఎత్తును కాక నిల్వను లెక్కలోకి తీసుకున్నారు, 25 వేల ఘనపు మీటర్లు. వేల్స్‌లో దాన్ని 10 వేలకు దించారు. ఆ లెక్కన ఈ వెంచర్ చెరువు ఎప్పుడో చట్టం కిందికి వచ్చేది. అక్కడ కూడా సర్కారు ఇంజినీరు వచ్చి చూడడు. గుర్తింపు పొందిన ఇంజినీర్ల ప్యానెల్ ఉంటుంది, సొంతదారే డబ్బులిచ్చి వాళ్లతో చేయించుకోవాలి. రిజిస్టర్ పెట్టడం, చేయించారో లేదో చూడటం, చేయించకపోతే పట్టుకోవడం వరకే ప్రభుత్వం పని. మనకు కావలసింది అదే పద్ధతి. మన డీఈలకు ఉన్న పని చాలు.

సిమెంటు బస్తా:

రిజిస్టర్ ఒక్కటే చాలదు సార్. మిషిగన్‌లో ఈడెన్‌విల్ అనే ప్రైవేటు డ్యామ్‌కు వరద దాటించే సామర్థ్యం చాలదని 2018లో జల విద్యుత్ లైసెన్సు రద్దు చేశారు. లైసెన్సు పోయింది, చెరువు మాత్రం అలాగే ఉంది. నిఘా కేంద్రం నుంచి రాష్ట్రానికి మారింది. 2020 మేలో తెగింది, సుమారు పది వేల మందిని ఖాళీ చేయించారు. తప్పు కాగితం మీద రాయడం సులువు, మరమ్మతుకు డబ్బు పెట్టేదెవరు అన్న దగ్గరే అంతా ఆగుతుంది.

కొండాపూర్ సార్, నా సలహా: మత్తడిని ఎండాకాలంలో ఒకటిన్నర మీటరు దించి, వెడల్పు చేయించండి. చెరువు కాస్త చిన్నదవుతుంది, ప్రమాదం చాలా తగ్గుతుంది. జేసీబీ ఉంది కదా అని నిండు చెరువులో కట్ట కోసేయకండి, గండి మీరే పెట్టినట్టవుతుంది. కొలతలు ఇంజినీరు ఇచ్చాకే మట్టి ముట్టండి.

పట్టాదారు:

ప్యానెల్ పద్ధతికి నేను సగం ఒప్పుకుంటా. మిగిలిన సగం సంగతి చెప్పండి. మా కుంట కింద అరవై ఏళ్లుగా పొలాలే. రేపు ఎవడో అక్కడ లేఅవుట్ వేసి రెండు వందల ఇళ్లు కడతాడు. మీరన్నట్టు కింద ఎవరున్నారో చూస్తే, నేను ఇటుక కదపకుండానే నా కుంట ప్రమాదకరమైపోతుంది. మత్తడి వెడల్పు చేసే ఖర్చు నాదా, లేఅవుట్ వాడిదా?

రిటైర్డ్ డీఈ:

నన్నడిగితే లేఅవుట్ వాడిది. పర్మిషన్ ఇచ్చే ముందే, పైన ఏ కట్ట ఉందో, అది తెగితే నీళ్లు ఎంత దూరం వస్తాయో మ్యాపులో చూపించమనాలి. అలా అడగాలన్నా ముందు మీ కుంట రిజిస్టర్‌లో ఉండాలి కదా. లేకపోతే అది ఉందని లేఅవుట్ వాడికి గానీ, పర్మిషన్ ఇచ్చేవాళ్లకు గానీ ఎలా తెలుస్తుంది?

కొండాపూర్ వాసి:

డీఈ గారూ, మత్తడికి మా దగ్గర కూడా జాలీ ఉంది. దాన్ని తీయించమని ఈ రోజే వాచ్‌మన్‌కు చెప్పాను. కట్ట పక్క ప్లాట్ల వాళ్లు ముగ్గురు అప్పుడే ఫోన్ చేశారు, చేపలు పోతాయట. మత్తడి దించితే వ్యూ పోయి తమ ప్లాట్ రేటు పడిపోతుందని, ఆ తేడా అసోసియేషనే ఇవ్వాలని ఒకాయన అప్పుడే మొదలుపెట్టాడు. ఓటుకు పెడితే ఓడిపోతానేమో. నల్లకోటు గారూ, మీరు చెప్పిన మినిట్స్ సంగతి ఒక లెటర్‌గా రాసిస్తారా? ప్రతి మెంబర్‌కూ సంతకం తీసుకుని అందజేస్తాను.