పాటల వీడియో పోటీలో లిరికల్‌కీ, షూట్ చేసినదానికీ ఒకే ప్రైజా?

గాంధీనగర్_గిటారు:
నమస్తే అండి. విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు సొంతంగా చేసుకున్న పాటలకి చిన్న వీడియో పోటీ పెడుతున్నాం. సినిమా పాటలు వద్దు, కవర్లు, అంటే వేరేవాళ్ల పాటని మళ్లీ పాడినవి కూడా వద్దు (కవర్ అప్‌లోడ్ చేస్తే ఆడియో కంపెనీ కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది, ఆ గొడవ మాకొద్దు). విభాగాలు మూడు అనుకున్నాం. పాడేవాళ్లు, వాయించేవాళ్లు కనపడే పెర్ఫార్మెన్స్ వీడియో, కథ ఉన్న వీడియో, డ్యాన్స్ వీడియో. తీరా చూస్తే వచ్చిన ఎంట్రీల్లో సగానికి పైగా లిరికల్ వీడియోలే (పాటలో మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి). వాటిని వేరే విభాగం చేయాలా, కలిపేయాలా, అసలు తీసుకోవద్దా? డబ్బు మాత్రం ఒక్క ఫస్ట్ ప్రైజ్‌కే ఉంది, పాతిక వేలు.

కొరిటెపాడు_కెమెరా:
తీసుకోవద్దు. వెనక ఒక ఫొటో పెట్టి ముందు అక్షరాలు ఎగరేస్తే వీడియో అయిపోతుందా? మేం తెల్లారకముందే సూర్యలంక బీచ్ చేరి, వెలుగు కోసం కాచుకుని, పాటని డబల్ స్పీడులో పెట్టి, హీరో చేత ఆ స్పీడులోనే పెదాలు కదిపించి, సెకనుకి 50 ఫ్రేముల్లో తీసి, తర్వాత ఎడిటింగ్‌లో సగానికి తగ్గిస్తే వస్తుంది ఆ స్లో మోషన్. మనిషి నెమ్మదిగా నడుస్తుంటాడు, పెదాలు మాత్రం పాటతో కలుస్తాయి. జనం చూసి బాగుందంటారు గానీ దాని వెనక చాకిరీ ఎవడికీ అక్కర్లేదు. దీన్నీ, ఇంట్లో కూర్చుని చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి మార్కులేస్తారా?

బీసెంట్‌రోడ్_బాసు:
సూర్యలంకలో షూట్ చెయ్యని ప్రైవేట్ సాంగ్ ఏదైనా ఉంటే ముందు దానికివ్వండి ప్రైజ్.

ఒత్తులబ్బాయి:
కెమెరా అన్నా, ఆ ఇంట్లో కూర్చునే పని మీరొకసారి చేసి చూడండి. తెలుగు యూనికోడ్ పెడితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఒత్తులు ఊడిపోతాయి, 'స్త్రీ' అని కొడితే ముక్కలై కూర్చుంటుంది. అందుకే ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టుకునేవాళ్లున్నారు. ప్రతి మాటా గాయని నోరు తెరిచిన చోటే పడాలి, ఆవిడ దీర్ఘం తీస్తే అక్షరమూ సాగాలి, చరణంలో గమకం వస్తే దానికేం చెయ్యాలో నేనే ఆలోచించుకోవాలి. వెనక ఫొటో పెట్టి వదిలేసేది జ్యూక్‌బాక్స్ అన్నా, లిరికల్ కాదు. ఒకే బొమ్మ పాటంతా గిర్రున తిరుగుతుంటే అది విజువలైజర్. మీరు మూడింటినీ కలిపి తిడుతున్నారు.

పాత_చిత్రలహరి:
బాబులూ, 1965లో అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ లండన్‌లో ఒక సందులో నిలబడి, పాటలో మాటల్ని అట్టల మీద రాసుకుని, ఒక్కొక్కటీ చూపించి కింద పడేస్తాడు. ఒక డాక్యుమెంటరీ కోసం తీశారది. పాటల వీడియోల ఛానల్ ఎంటీవీ వచ్చింది 1981 ఆగస్టు 1న, అంటే ఛానల్ కంటే ముందే తెర మీద అక్షరాలు వచ్చాయి. లిరికల్ నిన్నగాక మొన్న పుట్టిందనుకోవద్దు.

కొరిటెపాడు_కెమెరా:
సార్, ఆ సందులో మనిషి నిలబడ్డాడా లేదా? ఎదురుగా కెమెరా ఉందా లేదా? అది పెర్ఫార్మెన్స్ వీడియో.

పాత_చిత్రలహరి:
పెదాలు కదపడు నాయనా అందులో. పాడకుండా నిలబడితే పెర్ఫార్మెన్స్ ఎలా అవుతుంది?

కొరిటెపాడు_కెమెరా:
అట్టలు పడేస్తున్నాడుగా! అది యాక్టింగ్ కాదా?

బీసెంట్‌రోడ్_బాసు:
డిలాన్ గారి ఎంట్రీ వచ్చాక చూద్దాం లెండి.

ఒత్తులబ్బాయి:
సినిమావాళ్ల సంగతి చూడండి. నాటు నాటు లిరికల్ 2021 నవంబరులో వచ్చింది, సినిమా 2022 మార్చిలో. సినిమా రాకముందే ఆ స్టెప్పు ఊరూరా వేశారు. రిలీజుకి ముందు సీను మొత్తం బయట పెట్టలేరు కాబట్టి లిరికల్‌తోనే పాటని జనంలోకి వదులుతున్నారు. ఫుల్ వీడియో తర్వాతెప్పుడో వస్తుంది, అప్పటికి పాట అందరి నోళ్లలో ఉంటుంది.

కొరిటెపాడు_కెమెరా:
ఆ లిరికల్‌లో కనపడిన స్టెప్పు ఎక్కడిది తమ్ముడూ? కీవ్‌లో ప్యాలెస్ ముందు కెమెరా పెట్టి తీసిందే. అందులోంచి ఒక ముక్క కత్తిరించి, చుట్టూ అక్షరాలు అతికించారు.

గాంధీనగర్_గిటారు:
అండి, నేనడిగింది విభాగాల గురించి.

సితార_సెంటర్:
ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్ షాట్ కావాలంటే పర్మిషన్ ఎవరిస్తారో ఎవరికైనా తెలుసా?

కొరిటెపాడు_కెమెరా:
డ్రోన్ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. పోయినేడాది ఒక సింగర్‌కి పాట తీశాను. కొండవీడు కోట మీద సగం, బీచ్‌లో సగం. డ్రోన్ అద్దె ఎనిమిది వేలు నా జేబులోంచే పెట్టాను, పాట బయటికొచ్చాక ఇస్తానన్నాడు. కలర్ పని ఇంకో వారంలో అయిపోతుందనగా ఎవరి చేతో చవగ్గా లిరికల్ చేయించి వదిలేశాడు. అడిగితే 'వ్యూస్ బానే వస్తున్నాయన్నా, ఇంక వీడియో ఎందుకు' అన్నాడు. నా ఫుటేజీ హార్డ్ డిస్కులోనే ఉంది, ఎనిమిది వేలు ఎటూ రాలేదు. ఇప్పుడు అదే లిరికల్ పోటీకొస్తే నేను చప్పట్లు కొట్టాలా? ఏసీ గదిలో మౌసు కదిపేవాడికి పాతిక వేలు, ఎండలో మాడినవాడికి సర్టిఫికెట్టు!

ఒత్తులబ్బాయి:
ఆ సింగర్ మీద కోపం ఉంటే ఆయన్నే అడగండి, నా మీద తీర్చుకుంటారేంటి? నా గదిలో ఏసీ లేదు, ఫ్యాను కూడా చప్పుడు చేస్తుంది. ఇంకో మాట. మీలాంటి కెమెరా అన్నలే 'చివర్లో నాలుగు అక్షరాలు వెయ్యరా' అని పని ఇస్తారు. రాత్రంతా కూర్చుని చేస్తే వీడియో కింద డిస్క్రిప్షన్‌లో డైరెక్టర్ పేరు, కెమెరా పేరు, మేకప్ పేరు, లొకేషన్‌లో టీ తెచ్చిన స్నేహితుడి పేరు కూడా ఉంటాయి, నా పేరుండదు. అడిగితే 'ఈసారి పెడతాలే' అంటారు. లిరికల్‌ని వీడియోగా ఒప్పుకుంటే నా పేరు కూడా రాయాల్సి వస్తుంది, అసలు బాధ అదీ.

కొరిటెపాడు_కెమెరా:
నేను నీకెప్పుడైనా పని ఇచ్చానా?

ఒత్తులబ్బాయి:
మీరు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లూ మీలాగే మాట్లాడతారు.

కృష్ణలంక_పాట:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. పంపిన లిరికల్స్‌లో ఒకటి నాది. ట్యూన్ నాదే, పాట నేనే రాసుకున్నాను. స్టూడియో అద్దె, కీబోర్డు ఆయనకి, మిక్సింగ్‌కి ఇచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. షూట్ చేస్తే బాగుంటుందని నాకు మాత్రం తెలీదా? చీర కొనాలి, లొకేషన్, బండి, భోజనాలు, కెమెరా... ఎవరు పెడతారు? లిరికల్స్ తీసుకోం అంటే డబ్బున్నవాళ్లే రండి అని బోర్డు పెట్టినట్టే. కొలవెరి పాట 2011లో స్టూడియోలో పాడుతుండగా తీసిన వీడియోతోనే దేశమంతా తిరిగింది. అందులో కథా లేదు, కొండవీడూ లేదు.

కొరిటెపాడు_కెమెరా:
అమ్మా, మీ ఇబ్బంది అర్థమైంది. మరి మీ దగ్గర డబ్బు లేకపోతే నేను ఉత్తినే తియ్యాలా? పాట కోసం స్టూడియోకి ఇచ్చారు, కీబోర్డుకి ఇచ్చారు. కెమెరా దగ్గరికొచ్చేసరికే అందరికీ డబ్బులైపోతాయి, అదెలా?

కృష్ణలంక_పాట:
ఉత్తినే తియ్యమని నేనడగలేదు. లిరికల్‌తో వస్తే రానివ్వండి అంటున్నా, అంతే.

పాత_చిత్రలహరి:
అసలు పాతిక వేలు ఎవరి చేతికిస్తారో గిటారు గారు చెప్పనేలేదు. నాటు నాటుకి 2023లో ఆస్కార్ ఎవరికొచ్చింది? బెస్ట్ ఒరిజినల్ సాంగ్ కాబట్టి కీరవాణి గారికి, చంద్రబోస్ గారికి. స్టెప్పు కట్టిన ప్రేమ్ రక్షిత్ మాస్టర్‌కి కాదు, కెమెరాకి కాదు, ఎడిటింగ్‌కి కాదు. మీ ప్రైజ్ పాటకా, వీడియోకా? అది తేలిస్తే సగం గొడవ పోతుంది.

గాంధీనగర్_గిటారు:
ఏ ఛానల్‌లో వీడియో ఉంటే ఆ ఛానల్ ఓనర్ ఖాతాలో వేద్దాం అనుకున్నాం.

ఒత్తులబ్బాయి:
ఏంటి? అప్‌లోడ్ బటన్ నొక్కినవాడికా?

కొరిటెపాడు_కెమెరా:
ఇందాకట్నించి నేను మొత్తుకుంటున్నది అదేగా! ఆ సింగర్ లాంటివాడే వచ్చి పట్టుకుపోతాడు. షూట్ చేసిన పాటైనా సరే, ఛానల్ వాడిదేగా.

ఒత్తులబ్బాయి:
ఈ ఒక్క మాటకి అన్నతో ఉన్నా. లిరికల్ మాటకి లేను.

కృష్ణలంక_పాట:
నా ఛానల్ నాదే. ఎడిటర్‌కి ముందే ఇచ్చేశాను, పేరు కూడా పెట్టాను. నన్ను ఇందులో కలపొద్దు.

మంగళగిరి_మాస్టర్:
డ్యాన్స్ విభాగం పెట్టి డ్యాన్స్ మాస్టర్‌కి వాటా సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అలవాటే లెండి.

గాంధీనగర్_గిటారు:
విభాగాలు ఇంకా తేల్చలేదు, శనివారం కూర్చుంటాం. లిరికల్స్ మాత్రం తీసుకుంటున్నాం, వెనక్కి పంపం. జ్యూక్‌బాక్స్, విజువలైజర్ వద్దు. ఎంట్రీ ఫారంలో ఒకటి కలుపుతున్నాం: ప్రైజ్ వస్తే ఎవరెవరికి ఎంతెంత అన్నది రాసి, పని చేసినవాళ్లందరూ సంతకాలు పెట్టాలి. లేకపోతే ఎంట్రీ చెల్లదు.

కొరిటెపాడు_కెమెరా:
సంతకమా? ఆ సింగర్ నా ఫోనే ఎత్తట్లేదండి.