అప్‌డేట్: పన్నెండు రాశుల పెళ్లిచూపుల సీరియల్ దొరికింది

దూరదర్శన్ రోజుల్లో చూసిన ఓ హిందీ కామెడీ సీరియల్ పేరేంటని అడిగాను కదా. అమెరికా నుంచి వచ్చిన పెళ్లికొడుకు, రాశికొకరు చొప్పున పన్నెండు మంది అమ్మాయిలను చూస్తాడు. సమాధానం దొరికింది: 'మిస్టర్ యోగి', 1989. దర్శకుడు కేతన్ మెహతా.

సాయం చేసిన అందరికీ థాంక్స్. పని చేసింది మాత్రం "2009లో వచ్చిన 'వాట్స్ యువర్ రాశీ?' కథ ఇదే కదా" అన్న సూచన. ఆ సినిమాకీ ఈ సీరియల్‌కీ మూలం ఒకటే, మధు రాయ్ గుజరాతీ నవల 'కింబల్ రేవన్స్‌వుడ్'. అక్కడి నుంచి పేరు పట్టుకోవడం తేలికైంది. సినిమాలో పన్నెండు మందీ ప్రియాంక చోప్రానే.

'ముంగేరీలాల్ కే హసీన్ సప్నే' అన్నవాళ్లు చాలామంది. అదీ దాదాపు ఆ కాలానిదే, కానీ అందులో రఘువీర్ యాదవ్ పగటి కలలు కంటాడు, పెళ్లిచూపుల గోల కాదు. ఏ వారం వచ్చేది, మా ఇంట్లో కలర్ టీవీయా కాదా అన్న చర్చ కూడా దేనికీ పనికిరాలేదు, సరదాగా మాత్రం సాగింది!

"మధ్యలో ఊడిపడి మాట్లాడే మనిషి" అని నా ప్రశ్నలో రాసింది సీరియల్ సూత్రధారి గురించి. ఆయన ఓం పురి. గంభీరమైన ఆ గొంతుతో పెళ్లికొడుకు యోగిని ఆటపట్టిస్తుంటే మా నాన్న కుర్చీలో ఊగిపోయేవారు. హిందీ సగమే అర్థమయ్యే మాకు మిగతా సగం యోగిగా వేసిన మోహన్ గోఖలే ముఖమే చెప్పేసేది. ఆయన 1999లోనే పోయారు. ఇంకా చాలా పాత్రలు చేయాల్సిన నటుడు.