మన జన్యువుల్లో మిగిలిన వైరస్‌లు ప్రోటీన్లను తయారుచేస్తాయా?

ప్రశ్న: మానవ జన్యుపదార్థంలో దాదాపు 8 శాతం ప్రాచీన రెట్రోవైరస్‌ల (తమ జన్యువులను మన డీఎన్‌ఏలో చేర్చే వైరస్‌ల) అవశేషాలేనని చదివాను. ఉత్పరివర్తనలతో శిథిలమైన ఆ భాగాలలో నేటికీ ప్రోటీన్‌ను తయారుచేయగలిగినవి మిగిలి ఉన్నాయా?

జవాబు 1: ఉన్నాయండి. ఏడవ క్రోమోజోముపై ఉన్న ఒక వైరస్ పైపొర జన్యువు నుంచి సిన్సిటిన్-1 అనే ప్రోటీన్ తయారవుతుందని 2000లో వెల్లడైంది. ఒకప్పుడు వైరస్ కణంలోకి చొరబడటానికి వాడుకున్న ఆ ప్రోటీన్ సాయంతోనే ఇప్పుడు మాయ (ప్లాసెంటా)లోని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, తల్లి రక్తంలోని పోషకాలను బిడ్డకు చేర్చే అఖండమైన పొరగా ఏర్పడతాయి.

జవాబు 2: ఒక చేర్పు. చిట్టెలుకలలో ఇదే పని చేసే సిన్సిటిన్-ఏ వేరొక వైరస్ నుంచి వచ్చింది. దాని జన్యువును తొలగిస్తే పిండాలు గర్భంలోనే చనిపోతాయి. నాకైతే ఇదే మరింత ఆశ్చర్యం.

ప్రశ్న అడిగినవారు: మరి సిన్సిటిన్-1 జన్యువు తిరిగి వైరస్‌గా మారదా?

జవాబు 1: మారదండి. అదే చోట ఉన్న మిగతా వైరస్ జన్యువులు ఎప్పుడో దెబ్బతిన్నాయి.