పీటీటీ నొక్కగానే ఆరిపోతున్న హ్యాండీ: ఏ బ్యాటరీ కొనమంటారు?

రాత్రినెట్:

అందరికీ నమస్కారం, 73 (హ్యామ్ రేడియో వాళ్ల శుభాకాంక్షలు). ప్రశ్న కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నా దగ్గర పదకొండేళ్ల పాత డ్యూయల్ బ్యాండ్ హ్యాండీ, అంటే చేతిలో పట్టుకునే రేడియో, ఉంది. 5 వాట్లది. వెనకాల ఆరు సెల్స్ ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, 7.2 వోల్టులు, 1400 ఎంఏహెచ్. రెండుసార్లు మెట్ల మీద పడింది, ఒకసారి పూటంతా వానలో నానింది, అయినా శుభ్రంగా పనిచేస్తోంది. దాన్ని మార్చే ఉద్దేశం లేదు. గొడవంతా బ్యాటరీతోనే.

పోయిన నెల రాత్రంతా జరిగే సైకిల్ రైడ్ ఒకదానికి మా బృందం రేడియో డ్యూటీ చేసింది. నాకు ఆరో చెక్‌పాయింట్ పడింది. ముందురోజే చార్జ్ పెట్టాను. చార్జర్ మీద పచ్చలైటు వచ్చింది, తెర మీద బ్యాటరీ గీతలు నిండుగా ఉన్నాయి. రాత్రి రెండు దాటాక ఒక కుర్రాడు మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే వచ్చాడు. బండి పంపమని చెబుదామని పీటీటీ, అంటే మాట్లాడటానికి నొక్కి పట్టుకునే బటన్, నొక్కాను. "కంట్రోల్, ఇది చెక్‌పాయింట్..." అన్నానో లేదో తెర చీకటైపోయింది. మళ్లీ వెలిగి, ఆన్ చేసినప్పుడు వచ్చే బీప్ కొట్టింది. వేలు తీస్తే బాగానే ఉంటుంది, నొక్కితే చస్తుంది. "ఎవరు పిలిచారు? మళ్లీ చెప్పండి" అని కంట్రోల్ వాళ్లు అడగడం నాకు స్పష్టంగా వినిపిస్తోంది. తిరిగి ఒక్క ముక్క చెప్పలేను. ఐదారు నిమిషాలకి వేరే వాలంటీర్ అటుగా వస్తే అతని రేడియో లాక్కుని మాట్లాడాను. కుర్రాడు కుట్లతో బయటపడ్డాడు. నాకే ఆ టెన్షన్ ఇంకా వదల్లేదు.

ఇప్పుడు ఏం కొనాలో తేలడం లేదు. కంపెనీ ప్యాకే మళ్లీ కొననా? పేరు లేని ప్యాకులు 2500 ఎంఏహెచ్ అని రాసి అమ్ముతున్నారు, అవి నమ్మొచ్చా? డబుల్ ఏ సెల్స్ వేసుకునే డబ్బా కూడా ఈ మోడల్‌కి దొరుకుతుంది. ఇవన్నీ కాదు, లిథియం అయాన్ రేడియోకి మారిపొమ్మంటాడు మా తమ్ముడు. అసలు గీతలు నిండుగా చూపిస్తూ ఎలా చచ్చిందో ముందు అది చెప్పండి.

టంకంపొగ:

మీ రేడియో అబద్ధం చెప్పలేదు సార్, మీరు అడిగిన ప్రశ్నే వేరు. ఆ గీతలు చూపించేది వోల్టేజి. వింటున్నప్పుడు రేడియో తాగేది వంద, నూట యాభై మిల్లీ ఆంపియర్లు. అంత చిన్న కరెంటుకి ముసలి ప్యాక్ కూడా 8 వోల్టులు నిలబెడుతుంది. పీటీటీ నొక్కితే 5 వాట్ల మీద ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది. అప్పుడు బయటపడుతుంది దాని బండారం. సెల్ ముసలిదయ్యేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. కరెంటు ఎక్కువ అడిగితే ఆ నిరోధమే వోల్టేజిని తినేస్తుంది, రేడియో దాకా వచ్చేది 6 వోల్టుల కిందికి జారుతుంది, లోపలి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. మీరు విన్న బీప్ అదే.

చార్జర్ పచ్చలైటు కూడా అంతే. ఇక పట్టదు అని మాత్రమే దానికి తెలుసు. ఎంత పట్టిందో దానికి పట్టదు. చిన్న గ్లాసు తొందరగా నిండుతుంది కదా.

ఇంట్లో తేల్చుకోవడానికి 5 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి చాలు. ప్యాక్ తీసి ముందు ఊరికే వోల్టేజి కొలవండి. తర్వాత రెసిస్టర్ తగిలించి పది సెకన్లలో మళ్లీ కొలవండి. ఎక్కువసేపు ఉంచకండి, చెయ్యి కాలుతుంది. మంచి ప్యాక్ అయితే అర వోల్టుకి మించి పడకూడదు. ఒకటిన్నర, రెండు వోల్టులు పడితే దాన్ని ఇక నమ్మకండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఆ రాత్రి పవర్ లోలో పెట్టి ఉంటే మాట్లాడగలిగేవారు. లోలో అర ఆంపియర్, మహా అయితే ముప్పావు. ముసలి ప్యాక్ దానికి పలుకుతుంది. 5 వాట్ల నుంచి అర వాట్‌కి వస్తే తగ్గేది 10 డీబీ (డెసిబెల్స్). సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌లో ఒక ఎస్-యూనిట్ అంటే 6 డీబీ, కాబట్టి రెండు యూనిట్లు కూడా కాదు. రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని తిరిగి దూరానికి పంపే స్టేషన్) కనుచూపు మేరలో ఉంటే అవతలివాళ్లకి తేడా కూడా తెలియదు.

కొనడానికైతే నా ఓటు డబుల్ ఏ డబ్బాకి. అందులో ఆల్కలైన్ కాదు, లో సెల్ఫ్ డిశ్చార్జ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్. 2005లో సాన్యో ఎనెలూప్ తెచ్చినప్పటి నుంచి ఈ రకం దొరుకుతోంది. అంతకుముందు సెల్స్ చార్జ్ చేసి అలమరలో పెడితే నెలకి పావు వంతు వాటంతటవే దిగిపోయేవి. ఇవి ఏడాది తర్వాత తీసినా ముప్పావు వంతు దగ్గర ఉంటాయి. ఎమర్జెన్సీకి పక్కన పెట్టుకునేవాడికి కావాల్సింది అదే. కంపెనీ ప్యాక్ కొన్నా తప్పేం లేదు, కాకపోతే లోపల ఒక్క సెల్ పోయినా ఆరూ పారేయాలి. డబ్బాలో అయితే పోయిన ఒక్కదాన్నే మార్చుకుంటారు.

చిలుముపట్టినస్ప్రింగు:

టంకంపొగ గారి మాటే నాదీను, ఆల్కలైన్ విషయంలో ఇంకొంచెం గట్టిగా చెప్తాను.

కొత్త ఆల్కలైన్ ఆరూ కలిపితే 9 వోల్టులకి పైనే చూపిస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండం. ఒక్కో సెల్‌కి లోపలి నిరోధం 150 మిల్లీ ఓమ్‌లు వేసుకోండి, ఆరింటికి 0.9 ఓమ్. ఒకటిన్నర ఆంపియర్‌కి 1.35 వోల్టులు అక్కడే పోతాయి. కొత్తవి కాబట్టి నెగ్గుకొస్తాయి. సగం వాడాక నిరోధం రెట్టింపవుతుంది, విడి వోల్టేజి 7.8కి దిగుతుంది, నొక్కితే మీ చెక్‌పాయింట్ కథే మళ్లీ. లోపల సగం సరుకు ఉండగానే అవి రేడియోకి పనికిరావు. టీవీ రిమోట్‌లో వేసుకుంటే ఇంకో ఏడాది నడుస్తాయి. అదే మంచి నికెల్ సెల్ నిరోధం 30 మిల్లీ ఓమ్‌ల లోపే. 1.2 వోల్టులేనని చిన్నచూపు చూస్తారు గానీ, బరువు మోసేది అదే.

నా పేరు ఊరికే రాలేదు. ఒక చిన్న రేడియోని ఆల్కలైన్‌తో సహా సంచిలో వేసి ఏడాదిన్నర మరిచిపోయాను. తీసి చూస్తే స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొడి పూసుకుంది. అది పొటాషియం హైడ్రాక్సైడ్ కారడం వల్ల వచ్చేది, ముట్టుకుంటే వేళ్లు చిరచిరలాడతాయి. వెనిగర్ ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టాను. మూడు స్ప్రింగులు దక్కాయి, నాలుగోది చేతిలోనే విరిగిపోయింది.

ఏళ్ల తరబడి ముట్టుకోకుండా సంచిలో పడి ఉండాలంటే మాత్రం రీచార్జ్ చేయలేని లిథియం డబుల్ ఏ సెల్స్. ఆల్కలైన్ 23 గ్రాములైతే ఇవి 15. మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి, ఇరవై ఏళ్లు నిల్వ ఉంటాయి, ఆల్కలైన్‌లా కారి స్ప్రింగులు తినవు. ఒక్కటే జాగ్రత్త: కొత్తవి విడిగా 1.8 వోల్టులు చూపిస్తాయి, ఆరింటికి 10.8. మీ రేడియో అంత తీసుకుంటుందో లేదో మాన్యువల్లో చూసి వేయండి.

కొత్తపిట్ట:

నేను ఇప్పుడిప్పుడే లైసెన్స్ తెచ్చుకున్నాను అన్నా. నాది బావోఫెంగ్ యూవీ-5ఆర్, 7.4 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్, 1800 ఎంఏహెచ్. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఈ కాలంలో కూడా నికెల్ ఎందుకో అర్థం కాలేదు. లిథియమే కావాలంటే డబుల్ ఏ సైజులో రీచార్జబుల్ లిథియం సెల్స్ కూడా వస్తున్నాయి కదా, 1.5 వోల్టులవి. అవి డబ్బాలో వేసుకోవచ్చు కదా?

టంకంపొగ:

తమ్ముడూ, ముందు ప్రమాదం సంగతి. డబుల్ ఏ సైజులో రీచార్జ్ అయ్యే లిథియం అని రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి 14500, అది 3.7 వోల్టుల సెల్. చూడ్డానికి అచ్చం డబుల్ ఏ. ఆరు వేశావంటే 22 వోల్టులు, రేడియో పొగే. నువ్వంటున్న 1.5 వోల్టులది రెండో రకం. దాని లోపల బుల్లి కన్వర్టర్ ఉంటుంది, 3.7ని 1.5కి దించుతుంది. ఆ కన్వర్టర్ స్విచ్ అవుతూనే ఉంటుంది, రిసీవర్‌లో చప్పుడు తెచ్చిపెట్టొచ్చు. పైగా చివరిదాకా 1.5 నిలబెట్టి ఒక్కసారిగా ఆగిపోతుంది, గీతలు తగ్గుతున్నాయని ముందుగా తెలిసే దారే లేదు. టార్చిలైటుకి బంగారం, రేడియోకి నేనైతే వేయను.

నీ ప్యాక్‌కి వంక పెట్టను. బరువు తక్కువ, నిరోధం తక్కువ. దాన్ని ఎలా చూసుకుంటావన్నదే అసలు పని. నిండా చార్జ్ చేసి ఎండలో నిలబెట్టిన కారులో వదిలేయకు. 40 డిగ్రీల వేడిలో నిండు చార్జ్‌తో ఏడాది ఉంచితే కెపాసిటీలో మూడో వంతు దాకా పోతుంది. పక్కన పెట్టేటప్పుడు సగం చార్జ్‌లో పెట్టు. సున్నా డిగ్రీల కింద చార్జ్ పెట్టకు. ప్యాక్ ఉబ్బినట్టు కనిపిస్తే, రేడియో వెనక సరిగ్గా కూర్చోకపోతే, ఒత్తి పెట్టకుండా తీసి పారేసే చోట అప్పగించు.

ప్యాకులు పోల్చేటప్పుడు ఎంఏహెచ్ పక్కన వోల్టేజి కూడా చూడు, రెండూ గుణించు. నీది 13.3 వాట్-అవర్లు. ఆరు 2000 ఎంఏహెచ్ నికెల్ సెల్స్ 14.4. కాబట్టి నికెల్ అంటే పాతకాలం అనుకోకు, బరువులోనే తేడా. ఇక 18650 అనే సైజు లిథియం సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే చదివి నవ్వుకోవడమే. ఆ సైజులో పేరున్న మంచి సెల్స్ 3500 దగ్గర ఉంటాయి. తూకం వేసి చూడు, అసలైనది 45 గ్రాములకి పైనే తూగుతుంది. రాత్రినెట్ గారూ, మీరడిగిన 2500 ప్యాక్‌కి కూడా ఇదే జవాబు. రెసిస్టర్ పెట్టకుండా ఒప్పుకోకండి.

రాత్రినెట్:

వారం పట్టింది, వివరంగా చెప్తాను.

ముందు పాత ప్యాక్. చార్జర్ మీంచి తీసి రెండు గంటలాగి కొలిస్తే 8.0. రెసిస్టర్ తగిలిస్తే 5.6. లెక్క కడితే లోపల 2 ఓమ్‌లకి పైనే ఉంది. లోలో పెట్టి పీటీటీ నొక్కి చూశాను టంకంపొగ గారూ. మీరన్నట్టే సుబ్బరంగా పలికింది. ఆ రాత్రి ఆ ఒక్క బటన్ గుర్తొచ్చి ఉంటే అనుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాను.

డబ్బా, 2000 ఎంఏహెచ్ నికెల్ సెల్స్ పన్నెండు తెప్పించాను. ఆరు రేడియోలో, ఆరు జేబులో. మొదట ఆరూ వేస్తే రేడియో ఆన్ కూడా కాలేదు. పావుగంట తిట్టుకున్నాక కనిపించింది, ఒక సెల్ తిరగేసి పెట్టాను. సరిచేసి కొలిస్తే 8.0, రెసిస్టర్‌తో 7.4. అనుకున్నదానికంటే ఎక్కువ పడింది. సెల్స్ కొత్తవే కదా అని ఒక్కో కాంటాక్ట్ దగ్గర మీటర్ పెట్టాను. డబ్బా చివరి స్ప్రింగు, రేకు కలిసే చోట ఒక్కటే మూడో వంతు వోల్టు తినేస్తోంది. ఆల్కహాల్‌తో తుడిచి, స్ప్రింగుని కొంచెం బయటికి లాగితే 7.7కి వచ్చింది. కొత్త డబ్బా అయినా తుడిచాకే వాడండి.

నిన్న పెద్ద పరీక్ష. సాయంత్రం ఆరుకి ఆన్ చేసి రిపీటర్ మీద పెట్టాను. నిమిషాలు కాగితం మీద రాసుకున్నాను, పదో వంతు మాట్లాడటం, నలభై శాతం వినడం, మిగతాది ఊరికే ఉండటం. మాట్లాడితే 1.5 ఆంపియర్, వింటే 125 మిల్లీ ఆంపియర్లు, ఊరికే ఉంటే 45, ఇలా లెక్కేస్తే సగటున 220 మిల్లీ ఆంపియర్లు, తొమ్మిది గంటలు రావాలి. తెల్లవారుజామున రెండున్నరకి గీత తగ్గింది, మూడుంపావుకి పీటీటీ నొక్కితే ఆరిపోయింది. తొమ్మిదింపావు గంటలు. జేబులోని ఆరూ మార్చడానికి చీకట్లో నిమిషంన్నర పట్టింది. తిరగేసి పెట్టలేదు.

డబ్బాలో ఉండగా ఇవి చార్జ్ అవ్వవు. ఆల్కలైన్‌ని పొరపాటున చార్జ్ చేయకూడదని ఆ కాంటాక్టులే పెట్టలేదు. ఒక్కో సెల్‌ని విడిగా చూసే చార్జర్ ఒకటి కొన్నాను. ఆరు సెల్స్ జట్టుకి ఒక రంగు టేపు, ఇంకో జట్టుకి ఇంకో రంగు, టేపు మీద చార్జ్ చేసిన తేదీ. రెండు జట్లూ కలపకూడదని మా తమ్ముడికి కూడా చెప్పాను, వాడికి టార్చిలైటులోకి సెల్స్ ఎత్తుకుపోయే అలవాటు.

చిలుముపట్టినస్ప్రింగు:

పాత ప్యాక్ విప్పి చూశారా? ఆరింట్లో ఒకటో రెండో పోయి ఉంటాయి, మిగతావి పాపం బాగానే ఉంటాయి.

రాత్రినెట్:

విప్పాను. నాలుగు 1.3 దగ్గర ఉన్నాయి, ఒకటి 1.1. ఆరోది 0.2, దాని పక్క రేకు మీద పచ్చగా చిలుము. మీ పేరే గుర్తొచ్చింది.