గ్రూపు రూల్స్: ఓటింగ్ పెట్టాలా, అందరూ ఒప్పుకునేదాకా ఆగాలా?

ఎంవీపీ కాలనీ:
ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో చెత్త ఏరే గ్రూపు మాది. ఇరవై మంది దాకా ఉంటాం. ఆరింటికి రమ్మంటే ఏడింటికొచ్చేవాళ్లు, అడక్కుండా అందరి ఫొటోలూ ఇన్‌స్టాలో పెట్టేవాళ్లు, వాట్సాప్‌లో రాజకీయాలు ఫార్వర్డ్ చేసేవాళ్లు ఉన్నారు. రూల్స్ రాసుకుందామంటే అదే పెద్ద గొడవైంది. ఓటింగ్‌తో తేల్చేద్దామని సగం మంది, అందరూ ఒప్పుకోవాలని మిగతావాళ్లు. నేను రెండో పక్షం.

గాజువాక కుర్రాడు:
ఓటింగే బ్రో. ఇరవై మందీ ఒప్పుకునేలోపు ఆర్కే బీచ్ మొత్తం కోతకి పోద్ది. లేటైతే 50 రూపాయలు ఫైన్. దెబ్బకి సెట్ అవుతారు.

రిటైర్డ్ ఉద్యోగి, ఉక్కునగరం:
ఫైన్ దగ్గర జాగ్రత్త బాబూ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని డే కేర్ సెంటర్లు, పిల్లల్ని తీసుకెళ్లడానికి పది నిమిషాలకు మించి ఆలస్యమైతే ఫైన్ వేశాయి. లేటుగా వచ్చే తల్లిదండ్రులు దాదాపు రెట్టింపయ్యారు. డబ్బు కట్టేస్తున్నాం కదా, ఇంకా మొహమాటమెందుకని! ఫైన్ ఎత్తేశాక కూడా తగ్గలేదట. 2000లో వచ్చిన అధ్యయనం ఇది.

గాజువాక కుర్రాడు:
అది హైఫా సార్. మనవాళ్లకి 50 పోతే ప్రాణం పోయినట్టే.

పొదుపు సంఘాల ఆర్పీ (రిసోర్స్ పర్సన్):
తమ్ముడూ, మా సంఘాలకి పంచసూత్రాలని ఉంటాయి. మీటింగు, పొదుపు, అప్పులివ్వడం, వాయిదాలు కట్టడం అన్నీ క్రమం తప్పకుండా జరగాలి, పుస్తకాలు సరిగ్గా రాయాలి. ఈ అయిదూ పైనుంచి వచ్చినవే, ఎవరి ఓటూ అడగం. కానీ మీటింగు ఏ పూట, రాకపోతే ఏంటన్నది సభ్యులే మాట్లాడుకుని, తీర్మానం రాసి సంతకాలు పెడతారు. తెల్లారకుండానే చేపల కోసం హార్బర్‌కి పోయేవాళ్లున్న సంఘంలో పొద్దున్న మీటింగని మిగతావాళ్లంతా ఓటేశారనుకో, ఏం లాభం? వాళ్లు రారు. ఓటు గెలుస్తారు, మీటింగు జరగదు.
అందుకే ‘ఒప్పుకుంటారా’ అని అడగొద్దు. మొహమాటానికి అందరూ ఊ అంటారు. ‘ఇది ఎవరికి కుదరదు, ఎందుకు కుదరదు’ అని అడగండి. ముందు లేటుగా వచ్చేవాళ్లనే.

ఎంవీపీ కాలనీ:
నిజమే మేడమ్. లేటయ్యేవాళ్లలో ఇద్దరు అనకాపల్లి నుంచి రావాలి. ఆరున్నరకి మారిస్తే సగం గొడవ తీరుతుందేమో. ఫొటోల సంగతి మాత్రం ఓటుకి పెట్టను. ఒక్కరు వద్దన్నా పెట్టకూడదు, అంతే.

గాజువాక కుర్రాడు:
అంటే రాజకీయాల ఫార్వర్డులకి మాత్రం ఓటింగేనా? దానికీ అనకాపల్లి బస్సే కారణమా బ్రో?